అమెరికా ఆఫీసులో జాతి వివక్ష ఎదురైతే ఫిర్యాదు చేయడం ఎలా?

వీసా మీద ఉన్నవాళ్లకు జాతి వివక్షను నిషేధించే చట్టాలు వర్తించవన్న అపోహ మనవాళ్లలో కొందరికి ఉంది. అది తప్పు. 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం 15 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ నియామకం, జీతం, పదోన్నతి, తొలగింపు వంటి ఏ విషయంలోనూ జాతి, రంగు, పుట్టిన దేశం చూసి తేడా చూపకూడదు. హెచ్‌-1బి ఉద్యోగికైనా, పౌరుడికైనా ఇదే నియమం.

1. ముందు అది వివక్షేనా అని చూసుకోండి. మేనేజర్ అందరి మీదా అరుస్తుంటే అది అతని దురుసుతనం మాత్రమే. ఒకే తప్పుకు పక్కవాడిని మందలించి వదిలేసి మిమ్మల్ని తీసేస్తే ప్రశ్నించాల్సిందే. యాస సాకుతో పదోన్నతి ఆపాలంటే, ఆ యాస నిజంగా పనికి అడ్డుపడుతోందని సంస్థ చూపించగలగాలి.

2. రోజువారీగా రాసిపెట్టుకోండి. తేదీ, చోటు, అన్న మాటలు అన్నట్టే, విన్నవాళ్ల పేర్లు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వద్దు; ఉద్యోగం పోయిన రోజే అదీ చేజారుతుంది. రహస్యంగా రికార్డు చేయకండి: కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో అవతలివారి అనుమతి లేకుండా ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయడం నేరం.

3. హెచ్‌ఆర్‌కు ఈమెయిల్‌లో ఫిర్యాదు చేయండి. మర్యాద కోసం “మేనేజర్ తీరు ఇబ్బందిగా ఉంది” అని సరిపెట్టకుండా “జాతి వివక్ష” అనే రాయండి. సంగతి తెలిశాక సంస్థ వెంటనే విచారించి, వేధింపు ఉంటే ఆపించాలి. ఫిర్యాదు చేశారని కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. అసలు వివక్ష రుజువు కాకపోయినా ఆ కక్ష సాధింపు మీద కేసు నిలబడవచ్చు.

4. ఇప్పుడు అసలైన మెట్టు: ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ అయిన సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌, అంటే ఈఈఓసీ. ఘటన జరిగిన 180 రోజుల్లోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. ఇలాంటి వివక్షను నిషేధించే చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ రాష్ట్రంలోనో నగరంలోనో ఉంటే 300 రోజులు. హెచ్‌ఆర్‌ విచారణ సాగుతోందని ఈ గడువు ఆగదు. “ఇంకొంచెం ఆగండి, చూస్తున్నాం” అన్న మాట నమ్మి కూర్చుంటే గట్టి కేసు కూడా గడువు దాటి చచ్చిపోతుంది. ఈఈఓసీ పోర్టల్‌లో వివరాలు నింపితే ఇంటర్వ్యూ ఉంటుంది, తర్వాత ఫిర్యాదు పత్రం మీద సంతకం. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. పది రోజుల్లో సంస్థకు నోటీసు వెళ్తుంది, మీ పేరుతోనే. అప్పటినుంచి కేసు తేలేదాకా సంబంధిత రికార్డులను సంస్థ భద్రపరచాలి. కొన్ని కేసుల్లో ముందే మధ్యవర్తిత్వం ప్రతిపాదిస్తారు.

పత్రంలో జాతి, పుట్టిన దేశం రెండింటికీ ఆధారం ఉంటే రెండూ గుర్తించండి. 1866 నాటి మరో చట్టం జాతి వివక్షకు వర్తిస్తుంది. దాని కింద ఈఈఓసీకి వెళ్లకుండానే కోర్టుకెక్కవచ్చు, చిన్న సంస్థ మీద కూడా.

5. దావా వేసే హక్కు ఇస్తూ ఈఈఓసీ లేఖ పంపితే, అందిన 90 రోజుల్లో కోర్టుకు వెళ్లాలి. ఇక్కడ లాయరు కావాలి.

ఉద్యోగం పోతే హెచ్‌-1బి వారికి అమెరికాలో ఉండేందుకు సాధారణంగా 60 రోజుల వరకే వెసులుబాటు. ఆ కంగారులో ఉండగానే కొన్ని నెలల జీతం ఇస్తామంటూ ఒక ఒప్పందం చేతికిస్తారు. దావా వేయనన్న షరతు అందులో ఉండే అవకాశం ఎక్కువ. లాయరు చదివేదాకా సంతకం పెట్టకండి.