పాత కారు మరమ్మతు – 5వ పాఠం: మూసుకుపోయిన క్యాట్‌కాన్‌ను గుర్తించడం, తక్కువ ఖర్చుతో మార్చుకోవడం

నాలుగో పాఠంలో వ్యాక్యూమ్ గేజిని ఇన్‌టేక్ మానిఫోల్డుకు తగిలించి, ఇంజిన్ గాలిని ఎలా పీల్చుకుంటున్నదో చదవడం నేర్చుకున్నాము. ఇప్పుడు అదే గేజితో, ఇంజిన్ వదిలిన పొగ బయటికి పోయే దారి తెరిచి ఉన్నదో లేదో తేల్చుకుందాము. ఆ దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే మన షెడ్లలో అందరూ చెప్పుకునే క్యాట్‌కాన్.

లక్షణాలు ఇలా ఉంటాయి. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వరకు మామూలుగా వచ్చిన కారు, సుంకి ఘాటు మొదలవగానే యాక్సిలరేటరు ఎంత తొక్కినా లాగదు. జాతీయ రహదారి 16 మీద నరసన్నపేట దాటి టెక్కలి వైపు వెళ్లేటప్పుడు ఒక వేగం వరకు బాగానే నడిచి, ఆపైన ఎంతకీ అందుకోదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కారు కింద వేడి పెరుగుతుంది. పూర్తిగా మూసుకుపోతే ఇంజిన్ స్టార్టయిన కొద్దిసేపటికే ఆగిపోతుంది. అయితే పికప్ పడిపోవడానికి ఫ్యూయల్ ఫిల్టరు, క్లచ్చి, పట్టేసిన బ్రేకులు కూడా కారణం కావచ్చు. క్లచ్చి జారుతుంటే ఇంజిన్ వేగం పెరిగి బండి వేగం పెరగదు. క్యాట్‌కాన్ మూసుకుపోతే ఇంజిన్ వేగమే పెరగదు. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం అనుమానం తీరుతుంది.

క్యాట్‌కాన్ ఉక్కు డబ్బాలో తేనెపట్టు వంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. దానిలో చదరపు అంగుళానికి సాధారణంగా 400 సన్నని గదులు, ఆ గదుల గోడల మీద ప్లాటినం, పెలేడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటాయి. పొగ ఆ గదుల గుండా పోతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడులు చాలావరకు కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా, నత్రజనిగా మారతాయి. ఈ పని మొదలు కావాలంటే దిమ్మ సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కాలి. ఆ గదులు కరిగి అతుక్కుపోయినా, మసితోనూ నూనె బూడిదతోనూ నిండినా, విరిగి అడ్డం తిరిగినా పొగకు దారి ఉండదు.

స్కానరు పెట్టి చూసిన మేస్త్రి పీ0420 అనే కోడ్ చూపించి, క్యాట్‌కాన్ మూసుకుపోయిందని చెప్పడం తరచుగా జరుగుతుంది. ఇక్కడ జాగ్రత్త పడాలి. ఆ కోడ్‌కు అర్థం శుద్ధి చేసే సామర్థ్యం తగ్గిందని మాత్రమే. పొగకు అడ్డు పడుతున్నదని కాదు. దారి పూర్తిగా తెరిచి ఉన్న క్యాట్‌కాన్ కూడా పూత అరిగిపోతే ఆ కోడ్ చూపిస్తుంది, క్యాట్‌కాన్‌కు వెనుక ఉండే ఆక్సిజన్ సెన్సరు (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టేది) చెడిపోయినా, పైపు జాయింటులో గాలి లీకయినా చూపించవచ్చు. పైగా వాహనాల పొగకు ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజ్-4 ప్రమాణాలు 2010లో హైదరాబాద్ వంటి కొన్ని నగరాలలోనే మొదలై, దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1 నాటికి గాని రాలేదు. అందువల్ల మన జిల్లాలలో తిరుగుతున్న పాత కార్లలో స్టేజ్-3వి చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటికి వెనుక సెన్సరే లేదు. అటువంటి కారులో ఈ కోడ్ కోసం వెతకడం వృథా. అడ్డును కొలవవలసింది ఒత్తిడితోనే.

గేజితో కొలవడం

కారును బయట గాలి ఆడేచోట నిలపండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా, వ్యాక్యూమ్ చూడండి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ సముద్ర మట్టానికి అంత ఎత్తున లేవు కనుక ఆరోగ్యమైన ఇంజిన్‌కు ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య నిలవాలి. అరకు వంటి చోట చూస్తే, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గించి లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు ఇంజిన్‌ను నెమ్మదిగా 2500 ఆర్‌పీఎంకు తెచ్చి, ఒక నిమిషం పాటు అక్కడే పట్టి ఉంచండి. దారి తెరిచి ఉంటే ముల్లు మొదట కొంచెం పడి, మళ్లీ పైకి వచ్చి నిలకడగా ఉంటుంది. దారి మూసుకుపోతే ముల్లు ఆగకుండా కొద్ది కొద్దిగా దిగుతూ పోతుంది, ఎందుకంటే బయటికి పోలేని పొగ సిలిండర్లలోనే మిగిలి, లోపలికి రావలసిన కొత్త గాలికి చోటు లేకుండా చేస్తుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు కూడా ముల్లు చురుకుగా ఎగిరి స్థానానికి రాకుండా బద్ధకంగా వస్తుంది.

ఈ పరీక్షలో అనుమానం బలపడితే, ఇంజిన్ చల్లారాక, క్యాట్‌కాన్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సరును విప్పి, ఆ రంధ్రంలో తక్కువ ఒత్తిడి చూపే గేజిని బిగించాలి. టైర్ల గాలి చూసే గేజి ఇందుకు పనికిరాదు, మనం చూడవలసిన అంకెలు దాని మీద కనిపించవు. 0 నుంచి 15 పీఎస్‌ఐ వరకు చూపేది సరిపోతుంది. అడాప్టరు కొననక్కరలేదు. చెడిపోయిన పాత సెన్సరు లోపలి భాగం తీయించి, దానికి లేతు పని చేసేవారి చేత రాగి గొట్టం బ్రేజింగ్ చేయిస్తే చాలు. రబ్బరు గొట్టం వేడికి కరగకుండా ఆ రాగి గొట్టం జానెడుకు తగ్గకుండా ఉండాలి. ఐడిలింగ్‌లో ఒత్తిడి 1.25 పీఎస్‌ఐ లోపల, 2500 ఆర్‌పీఎం వద్ద 3 పీఎస్‌ఐ లోపల ఉంటే దారి బాగున్నట్లే. అంతకు మించితే ఎక్కడో అడ్డు ఉంది.

ఆ అడ్డు ఎక్కడ ఉన్నదో తేల్చకుండా డబ్బు ఖర్చు పెట్టవద్దు. క్యాట్‌కాన్ వెనుక ఉన్న జాయింటు విప్పి పైపును పక్కకు జరిపి మళ్లీ కొలవండి. ఒత్తిడి అలాగే ఉంటే దోషం క్యాట్‌కాన్‌లోనిది. పడిపోతే వెనుక సైలెన్సరులో లోపలి గొట్టం కూలిపోయి ఉండవచ్చు, లేదా క్యాట్‌కాన్ నుంచి విరిగిన ముక్కలు అక్కడికి చేరి ఉండవచ్చు. సైలెన్సరు ఖర్చు క్యాట్‌కాన్ ఖర్చులో చిన్న భాగం మాత్రమే కనుక, ఈ పది నిమిషాల పని చాలా డబ్బు మిగుల్చుతుంది. చల్లారిన డబ్బాను రబ్బరు సుత్తితో తట్టినప్పుడు లోపల గలగల వినిపిస్తే దిమ్మ విరిగినట్లు నిశ్చయంగా చెప్పవచ్చు, కాని శబ్దం లేనంత మాత్రాన బాగున్నదని చెప్పలేము, కరిగిన దిమ్మ చప్పుడు చేయదు.

కొనే ముందు కారణం

క్యాట్‌కాన్ తనంతట తాను మూసుకుపోవడం చాలా అరుదు. దానిని పాడు చేసిన కారణాన్ని సరిచేయకుండా కొత్తది బిగిస్తే, అది కూడా పాతదాని దారినే పోతుంది. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ప్లగ్గు గాని, ఇగ్నిషన్ కాయిల్ గాని చెడి ఒక సిలిండరు మిస్సింగ్ కొడుతుంటే, కాలని పెట్రోలు క్యాట్‌కాన్‌లోకి చేరి అక్కడ కాలుతుంది. వేడి వెయ్యి డిగ్రీలు దాటి దిమ్మ కరుగుతుంది. బ్యాటరీ దిగిపోయిన కారును పదే పదే తోసి స్టార్టు చేయడం మన ఊళ్లలో మామూలు, దానివల్ల కూడా ఇదే జరుగుతుంది. ఉదయం స్టార్టు చేయగానే నీలం పొగ వస్తుంటే వాల్వు సీళ్లు లేదా పిస్టన్ రింగులు నూనెను వదులుతున్నాయి. ఆ నూనెలోని భాస్వరం పూతను కప్పేస్తుంది. కూలెంటు మట్టం ఊరికే తగ్గుతూ తెల్ల పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. వర్షాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీటిలోకి వేడి కారును దించితే దిమ్మ పగలవచ్చు. పెట్రోలులోని సీసాన్ని మాత్రం అనుమానించనక్కరలేదు, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అమ్ముతున్నది సీసం లేని పెట్రోలే.

పెట్రోలు ట్యాంకులో పోసే శుభ్రపరిచే ద్రవాలు పలుచని మసికి కొంత పనిచేయవచ్చు గాని, కరిగిన దిమ్మను ఏ ద్రవమూ తెరవలేదు.

ఏది కొనాలి, ఎలా బిగించాలి

కంపెనీ విడిభాగం అన్నిటికన్నా నమ్మకమైనది, అన్నిటికన్నా ఖరీదైనది. క్యాట్‌కాన్ ఎగ్జాస్ట్ మానిఫోల్డుతో కలిసి ఒకే భాగంగా ఉన్న మోడళ్లలో ఆ ఖరీదు మరీ ఎక్కువ. పాత కారుకు నేను సూచించేది వెల్డింగ్‌తో అమర్చే బయటి కంపెనీ క్యాట్‌కాన్. అది మీ ఇంజిన్ సీసీకి, మీ కారు భారత్ స్టేజికి సరిపోవాలి, పైపు వ్యాసం కలవాలి, సెన్సరు రంధ్రాలు ఉన్నచోటనే ఉండాలి. విశాఖలోని పాత స్పేర్ల దుకాణాలలో వాడినది దొరికితే, ఒక వైపు నుంచి సెల్‌ఫోను వెలుతురు వేసి రెండో వైపు నుంచి చూడండి. గదులన్నీ సమానంగా వెలగాలి. వెలుతురు ఒకే పెద్ద రంధ్రంగా కనిపిస్తే లోపల దిమ్మ లేదు, అది ఖాళీ డబ్బా.

దిమ్మను పగలగొట్టి ఖాళీ డబ్బా బిగిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. ఆ పొగ మీ వీధిలో పిల్లలు పీల్చే గాలిలోకే పోతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 115వ నియమం పొగకు పరిమితులు విధించింది. స్టేజ్-4 పెట్రోలు కారుకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. దిమ్మ లేని కారు పొగ పరీక్షలో నెగ్గడం కష్టం. విప్పిన పాత క్యాట్‌కాన్‌ను కూడా ఊరికే వదిలేయకండి. దానిలోని లోహాలకు విలువ ఉంది కనుక, కొత్తది బేరమాడేటప్పుడే పాతదానికి ఎంత తగ్గిస్తారో అడగండి.

భీమునిపట్నం నుంచి కళింగపట్నం వరకు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో పైపు జాయింటు (ఫ్లాంజి) నట్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేయండి. కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరవద్దు, స్టాండ్లు తప్పనిసరి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, సెన్సర్లు తీయాలి, ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ చోటికి దగ్గరగా పెట్టాలి. డబ్బా మీద బాణం గుర్తు ఉంటే అది వెనుక వైపు చూపాలి. గ్యాస్కెట్లు కొత్తవే వేయండి. ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత నట్లు మళ్లీ బిగించండి.

అభ్యాసం: కొత్తది బిగించిన రోజునే 2500 ఆర్‌పీఎం వద్ద వ్యాక్యూమ్, ఎగ్జాస్ట్ ఒత్తిడి రెండూ కొలిచి, తేదీ, కిలోమీటరు రీడింగుతో సహా సర్వీసు పుస్తకంలో రాయండి; నెల రోజుల తరువాత మళ్లీ కొలవండి. ఒత్తిడి పెరిగి ఉంటే అసలు కారణం ఇంకా ఇంజిన్‌లోనే ఉన్నట్లు. ఆరో పాఠంలో ఆ అంకెలతోనే ప్లగ్గులు, కాయిళ్ల పరీక్ష మొదలుపెడతాము.