గ్రాఫ్ లైబ్రరీ మార్చాలా? ముందు జబ్బేదో తేల్చుకోండి

"నెట్‌వర్క్‌ఎక్స్ పనికిరావట్లేదు, వేరే లైబ్రరీ ఏదైనా చెప్పన్నా" అని, పైథాన్‌లో గ్రాఫ్‌ల పనికి ఆ లైబ్రరీ వాడే మా ఆఫీసు జూనియర్లు తరచూ అడుగుతుంటారు. "పనికిరావట్లేదంటే ఏమవుతోంది?" అని తిరిగి అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. ఒకరికి తప్పు దారి వస్తోంది. ఇంకొకరికి రాత్రంతా రన్ అవుతూనే ఉంది. మరొకరికి ర్యామ్ నిండి ప్రాసెస్ చచ్చిపోతోంది. మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికైతే లైబ్రరీ మార్చినా తగ్గదు, అదే తప్పు సమాధానం ఇంకాస్త తొందరగా వస్తుంది.

గ్రాఫ్ అంటే ఇక్కడ నోడ్లు (చుక్కలు), వాటిని కలిపే ఎడ్జ్‌లు (గీతలు). ఇక్కడ రాసింది ఎక్కువగా పైథాన్ వాళ్ల కోసం. జావా, రస్ట్ వాళ్లకి మధ్యలో ఒకటి రెండు మాటలు దొరుకుతాయి.

సమస్య: దారి వస్తోంది, కానీ ఊరంతా తిప్పుతోంది

ఇది నాకే జరిగింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు తెచ్చే ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్‌ లైబ్రరీతో విజయవాడ రోడ్ల గ్రాఫ్ దించుకుని, బెంజ్ సర్కిల్ నుంచి రైల్వే స్టేషన్‌కి దారి అడిగాను. ఊళ్లో ఎవర్నడిగినా ముందు బందరు రోడ్డు ఎక్కమంటారు. ప్రోగ్రామ్ మాత్రం బయట బయట నుంచి చుట్టు తిప్పుకొచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

కారణం: నెట్‌వర్క్‌ఎక్స్‌లో షార్టెస్ట్ పాత్ ఫంక్షన్‌కి వెయిట్ (ఎడ్జ్‌కి తగిలించే అంకె, ఇక్కడ దూరం) చెప్పకపోతే అది దూరం చూడదు, ఎన్ని ఎడ్జ్‌లు దాటామో లెక్కపెడుతుంది. ఊరి మధ్యలో నాలుగడుగులేస్తే ఒక సందు, ప్రతి సందు మొగలోనూ ఒక నోడ్. ఊరి బయట హైవే మీద ఒక్క ఎడ్జే కిలోమీటరు పొడుగుంటుంది. ఎడ్జ్‌ల లెక్కన హైవేయే దగ్గర.

సరే అని వెయిట్లు చూసి దారి వెతికే డైక్‌స్ట్రా పాత్ ఫంక్షన్ వాడాను. దారి మారలేదు. ఈ ఫంక్షన్ డిఫాల్టుగా 'వెయిట్' అన్న పేరున్న అట్రిబ్యూట్ కోసం వెతుకుతుంది. ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ దూరాన్ని మీటర్లలో 'లెంగ్త్' అన్న పేరుతో పెడుతుంది. వెతికిన పేరు దొరక్కపోతే నెట్‌వర్క్‌ఎక్స్ గొడవేమీ చేయదు, ప్రతి ఎడ్జ్‌కీ 1 వేసుకుని ముందుకెళ్లిపోతుంది. మళ్లీ మొదటికే వచ్చాం!

పరిష్కారం: వెయిట్ ఆర్గ్యుమెంట్‌ని ఎప్పుడూ మీ చేత్తో మీరే రాయండి. డిఫాల్ట్ ఒక్కో ఫంక్షన్‌లో ఒక్కోలా ఉంటుంది. పేజ్‌ర్యాంక్ (నోడ్ల ప్రాముఖ్యం కొలిచేది), లూవైన్ (నోడ్లను గుంపులుగా విడదీసేది) రెండూ అడక్కుండానే 'వెయిట్' తీసుకుంటాయి. బిట్వీన్‌నెస్ (ఒక నోడ్ మీదుగా ఎన్ని దగ్గరి దారులు వెళ్తాయో కొలిచేది) అడక్కపోతే తీసుకోదు. ఓఎస్‌ఎమ్‌ఎన్‌ఎక్స్ సొంత రూటింగ్ ఫంక్షన్ మాత్రం లెంగ్త్‌నే పట్టుకుంటుంది, రోడ్ల పనైతే అదే వాడటం సుఖం. ఇంకో మెలిక కూడా ఉంది. దారి వెతికేటప్పుడు వెయిట్ పెరిగితే దూరం పెరిగినట్టు. లూవైన్‌లో వెయిట్ పెరిగితే బంధం గట్టిపడినట్టు. ఒకే కాలమ్‌ని రెండుచోట్లా వాడితే రెండింట్లో ఒకటి తలకిందులే.

గ్రాఫ్ ఎక్కించిన వెంటనే ఒక్క ఎడ్జ్‌ని అట్రిబ్యూట్లతో సహా ప్రింట్ చేసి చూడండి. పాండాస్ టేబుల్ నుంచి ఎక్కించినప్పుడు ఎడ్జ్ అట్రిబ్యూట్ ఏదో చెప్పకపోతే వెయిట్ కాలమ్ అసలు లోపలికే రాదు. ఫైల్ నుంచి ఎడ్జ్ లిస్ట్ చదివితే నోడ్ పేర్లు స్ట్రింగులుగా వస్తాయి. "12వ నోడ్ ఉంది కదా, లేదంటాడేంటి" అనే ఫిర్యాదు చాలావరకు అక్కడిదే. చదివేటప్పుడే నోడ్ టైప్ ఇంటిజర్ అని చెప్పండి.

సమస్య: రాత్రంతా నడిచినా తెమలట్లేదు

అందరూ ముందుగా పైథాన్‌ని తిడతారు. తిట్టేముందు చిన్న గుణకారం చేయండి. స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్నాప్ అనే గ్రాఫ్ డేటా సేకరణలో కాలిఫోర్నియా రోడ్ల గ్రాఫ్ ఉంది: 19,65,206 నోడ్లు, 27,66,607 ఎడ్జ్‌లు. బిట్వీన్‌నెస్‌కి అందరూ వాడే బ్రాండెస్ పద్ధతి 2001లో వచ్చింది. వెయిట్లు లేని గ్రాఫ్‌లో అది నోడ్ల సంఖ్యను ఎడ్జ్‌ల సంఖ్యతో గుణించినంత పని చేస్తుంది. ఇక్కడ సుమారు 5.4 లక్షల కోట్ల అడుగులు. సెకనుకి 10 కోట్ల అడుగులు వేసే సీ కోడ్ ఉందనుకున్నా ఒక కోర్ మీద పదిహేను గంటలు. అంటే సీలో రాసిన ఐగ్రాఫ్ లైబ్రరీకి మారినా రాత్రి నిద్ర దక్కుతుందేమో గానీ తెల్లారేసరికి పని అవ్వదు.

పరిష్కారం ముందు పద్ధతిలో ఉంది. ప్రతి నోడ్‌కీ ఖచ్చితమైన విలువ నిజంగా కావాలా? ముఖ్యమైన కూడళ్లు తెలిస్తే చాలనుకుంటే శాంపిల్‌తో సరిపెట్టుకోవచ్చు. నెట్‌వర్క్‌ఎక్స్‌లో బిట్వీన్‌నెస్‌కి 'కె' ఇస్తే అన్ని నోడ్ల నుంచి కాకుండా కె నోడ్ల నుంచే లెక్కేస్తుంది. నెట్‌వర్కిట్ అనే ఇంకో లైబ్రరీలో ఇలాంటి అంచనా పద్ధతులు తయారుగా ఉన్నాయి, పైగా అది కోర్లన్నిటినీ పనిలో పెడుతుంది. పద్ధతి తేలాక కూడా నెమ్మదే అనిపిస్తే అప్పుడు లైబ్రరీ మార్చండి. కోడ్ మార్చడం ఇష్టం లేక, ఎన్విడియా కార్డు చేతిలో ఉంటే, ఎన్‌ఎక్స్-క్యూగ్రాఫ్ బ్యాకెండ్ పెట్టుకుని కొన్ని ఫంక్షన్లను అలాగే జీపీయూ మీదికి తోలొచ్చు.

సమస్య: ఐగ్రాఫ్‌కి మారాను, ఇంకా నెమ్మదైంది

నవ్వకండి, ఇది నిజంగా జరుగుతుంది. నెట్‌వర్క్‌ఎక్స్ అలవాటుతో ఫర్ లూప్ పెట్టి ఎడ్జ్‌లను ఒక్కొక్కటే కలుపుతారు. నెట్‌వర్క్‌ఎక్స్ లోపల ఉన్నది డిక్షనరీలో డిక్షనరీ, అందులో ఇంకో డిక్షనరీ. ఎడ్జ్ కలపడమంటే ఒక ఎంట్రీ వేయడమే. ఐగ్రాఫ్ లోపల వరసగా పేర్చిన అరేలు. ఒక్క ఎడ్జ్ కలిపినా ఇండెక్స్ మొత్తం మళ్లీ కడుతుంది. పది లక్షల ఎడ్జ్‌లకి పది లక్షలసార్లు.

పరిష్కారం: ఎడ్జ్‌లన్నీ ముందు ఒక లిస్టులో పోగేసి, యాడ్ ఎడ్జెస్‌ని ఒక్కసారి పిలవండి. గ్రాఫ్ నిమిషానికోసారి మారుతూ ఉండే పనైతే ఐగ్రాఫ్ మీకు సరిపడదు. అక్కడ నెట్‌వర్క్‌ఎక్స్ గానీ, రస్ట్‌లో రాసిన రస్ట్‌వర్క్‌ఎక్స్ గానీ మేలు.

సమస్య: మెషీన్‌లో ర్యామ్ చాలట్లేదు

పై కాలిఫోర్నియా గ్రాఫ్‌కే ఎడ్జ్‌కో వెయిట్ తగిలించి నెట్‌వర్క్‌ఎక్స్‌లో ఎక్కిస్తే నా లెక్క ప్రకారం ఒక జీబీ దాటుతుంది. ప్రతి ఎడ్జ్‌కీ ఒక డిక్షనరీ, అదొక్కటే రెండొందల బైట్ల చుట్టుపక్కల. ఐగ్రాఫ్‌లో ఎడ్జ్‌కి నాలుగు 8-బైట్ల నంబర్లు, అంటే 32 బైట్లు. గ్రాఫ్ మొత్తం 120 ఎంబీలో సర్దుకుంటుంది, వెయిట్ల లిస్టు కలిపినా 200 కొంచెం దాటుతుందేమో. ర్యామ్ సమస్య ఒక్కటి మాత్రం నిజంగా లైబ్రరీ సమస్యే. మొహమాటం లేకుండా మారిపోండి.

సమస్య: రెండు లైబ్రరీలు రెండు సమాధానాలు చెబుతున్నాయి

మారాక సరిచూసుకుందామని పాత అంకెలతో పోలిస్తే గుండె ఆగుతుంది. పాఠాల్లో అందరూ వాడే కరాటే క్లబ్ సభ్యుల స్నేహాల గ్రాఫ్‌నే తీసుకోండి, 34 మంది, 78 ఎడ్జ్‌లు. మొదటి నోడ్ బిట్వీన్‌నెస్ నెట్‌వర్క్‌ఎక్స్‌లో 0.4376. ఐగ్రాఫ్‌లో 231.07. రెండూ కరెక్టే. నెట్‌వర్క్‌ఎక్స్ అడక్కుండానే నార్మలైజ్ చేస్తుంది, అంటే మిగతా నోడ్ల జతల సంఖ్యతో భాగిస్తుంది: 33ని 32తో గుణించి సగం చేస్తే 528. 231.07ని 528తో భాగించి చూడండి.

క్లోజ్‌నెస్ (ఒక నోడ్ మిగతావాటికి ఎంత దగ్గరో కొలిచేది) విషయంలో తేడా ఇంత తేలిగ్గా తేలదు. గ్రాఫ్ ముక్కలు ముక్కలుగా ఉంటే నెట్‌వర్క్‌ఎక్స్ ఆ ముక్క సైజుని బట్టి విలువ తగ్గిస్తుంది. ఐగ్రాఫ్ చేరగలిగిన నోడ్ల వరకే చూసి వదిలేస్తుంది. ముందు అతిపెద్ద ముక్కని విడిగా తీసి, దాని మీద రెండింటినీ పోల్చండి. కమ్యూనిటీలు (లూవైన్ లాంటివి తేల్చే గుంపులు) రన్ రన్‌కీ మారుతున్నాయంటే అది వేరే సంగతి, సీడ్ (ర్యాండమ్ అంకెలు ప్రతిసారీ ఒకేలా వచ్చేలా ఇచ్చే నంబరు) పెట్టలేదన్నమాట.

సమస్య: నోడ్ తీసేశాక ఒకరి స్కోరు ఇంకొకరికి అంటుకుంది

ఐగ్రాఫ్‌లో నోడ్ నంబర్లకి మధ్యలో ఖాళీలుండవు. ఒకటి తీసేస్తే దాని వెనకాలవన్నీ ముందుకు జరుగుతాయి, సినిమా క్యూలో మధ్యలోవాడు వెళ్లిపోయినట్టు. మీ దగ్గరున్న పాత నంబర్ల పట్టీ చెల్లదు. రస్ట్‌వర్క్‌ఎక్స్‌లో నంబర్లు కదలవు, ఖాళీ అలాగే ఉంటుంది. ఇక రస్ట్‌లో నేరుగా పెట్‌గ్రాఫ్ వాడేవాళ్లకి: మామూలు గ్రాఫ్ టైప్‌లో చివరి నోడ్ వచ్చి ఖాళీలో కూర్చుంటుంది, నంబర్లు కదలకూడదంటే స్టేబుల్‌గ్రాఫ్ తీసుకోవాలి. ఏ లైబ్రరీ అయినా నోడ్‌కి 'నేమ్' అట్రిబ్యూట్ ఇచ్చి, ఫలితాలను ఆ పేరుతోనే దాచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

సమస్య: ఇన్‌స్టాలే అవ్వట్లేదు, లేదా ఇన్‌స్టాలైనా ఫంక్షన్ లేదంటోంది

గ్రాఫ్-టూల్ అనే లైబ్రరీ అయితే పిప్‌తో కుస్తీ పట్టకండి. అది సీ ప్లస్ ప్లస్‌లో, బూస్ట్ టెంప్లేట్ల మీద కట్టినది. కోండా-ఫోర్జ్ నుంచి తెచ్చుకోండి. విండోస్ మీదున్నవాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్‌లోకి (విండోస్ లోపల నడిచే లినక్స్) వెళ్లి అక్కడ పెట్టుకోవాలి.

'కమ్యూనిటీ' మాడ్యూల్‌లో బెస్ట్ పార్టిషన్ లేదంటే, పిప్‌కి 'కమ్యూనిటీ' అని చెప్పి ఉంటారు. అది వేరే ప్యాకేజీ. మీకు కావలసినదాని పేరు పైథాన్-లూవైన్. ఈమధ్య నెట్‌వర్క్‌ఎక్స్‌లోనే లూవైన్ ఉంది కాబట్టి అది కూడా అక్కర్లేదు. రీడ్ జీపికిల్ (దాచిన గ్రాఫ్‌ని ఫైల్ నుంచి చదివేది) లేదంటే మీరు చదువుతున్న ట్యుటోరియల్ పాతది. ఆ ఫంక్షన్‌ని నెట్‌వర్క్‌ఎక్స్ 3.0లో తీసేశారు, పైథాన్ పికిల్‌నే నేరుగా వాడండి.

సమస్య: అంతా అయ్యాక లీగల్ టీమ్ ఆపేసింది

ఇన్‌స్టాల్ చేసి మీ క్లౌడ్‌లోనే నడుపుకుంటే పెద్దగా ఎవరూ అడగరు. ప్రోడక్ట్‌లో కలిపి కస్టమర్ చేతికిచ్చేటప్పుడే వస్తుంది లైసెన్సు గొడవ. ఐగ్రాఫ్ జీపీఎల్ (కలిపి పంచితే మీ కోడ్ కూడా తెరవమనే లైసెన్సు) కింద ఉంది, గ్రాఫ్-టూల్ ఎల్‌జీపీఎల్. నెట్‌వర్క్‌ఎక్స్‌ది బీఎస్‌డీ, నెట్‌వర్కిట్‌ది ఎమ్‌ఐటీ, రస్ట్‌వర్క్‌ఎక్స్‌ది అపాచీ 2.0. ఈ మూడింటితో సాధారణంగా ఇబ్బంది రాదు. జావాలో జేగ్రాఫ్‌టీకి ఎల్‌జీపీఎల్, ఈపీఎల్ అని రెండు లైసెన్సులున్నాయి, మీకు నచ్చింది ఎంచుకోవచ్చు.

ఐగ్రాఫ్‌తో ఆర్నెల్లు కట్టాక ఈ కబురు వస్తే, సీ కోడ్ వేగం ఎక్కడెక్కడ నిజంగా అవసరపడిందో చూడండి. చాలాసార్లు అది ఒకటో రెండో ఫంక్షన్లు, దారులు వెతకడమో కాంపొనెంట్లు విడదీయడమో. వాటిని సైపైలోని గ్రాఫ్ మాడ్యూల్‌తో నడపొచ్చు, అది కూడా బీఎస్‌డీయే. ఒక్క జాగ్రత్త: మామూలు మ్యాట్రిక్స్ ఇస్తే అందులో సున్నా అంటే ఎడ్జ్ లేదనే అర్థం తీసుకుంటుంది. మీ గ్రాఫ్‌లో సున్నా వెయిట్ ఎడ్జ్‌లు నిజంగా ఉంటే అవి చప్పుడు లేకుండా మాయమవుతాయి.