మృగశిర కంటే ముందే ర్యాకుల కాళ్లు చూసుకోవాలి

మే సగం దాటిందంటే మా గోదాం ముందు లారీలు బారులు తీరతాయి. విత్తనాలు, డీఏపీ, యూరియా, పురుగుమందులు అన్నీ మృగశిర కార్తె లోపలే దిగాలి. ఆ రోజుల్లో ఎవరైనా "ఈ ర్యాక్ ఖాళీ చేయండి, కాలు చూడాలి" అంటే తిట్లు తినాల్సిందే. అందుకే యాసంగి స్టాకు పలచబడి బీములు (సరుకును మోసే అడ్డ కమ్మీలు) ఖాళీగా కనిపిస్తున్నప్పుడే ఈ పని ముగించాలి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ప్యాలెట్ ర్యాకులు, అంటే బస్తాలు పేర్చిన పలకలను (ప్యాలెట్లను) ఎక్కించే ఇనుప అరలు, పెట్టుకున్న గోదాంల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు కాళ్లు, అంటే ర్యాకును నిలబెట్టే నిలువు కమ్మీలు. బీము వంగితే దూరం నుంచే తెలుస్తుంది, కాలు వంగితే తెలియదు. నేను పని నేర్చుకున్న గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ తగిలి ఒక మూల కాలు లోపలికి నొక్కుకుపోయింది. వెల్డింగ్ అతన్ని పిలిపించి, కాల్చి, సుత్తితో చదును చేయించి, పైన నీలం రంగు వేయించారు. చూడ్డానికి కొత్తదానిలా ఉండేది. మరుసటి సీజన్‌లో దాని మీద డీఏపీ ఎక్కించిన నాలుగో రోజు రెండు బేలు (కాళ్ల మధ్య ఉండే అరల గళ్లు) నేలకూలాయి. హమాలీలు అన్నానికి కూర్చున్న టైం కాబట్టి బతికిపోయారు. ఆ కాలు సుమారు రెండు మిల్లీమీటర్ల రేకును మడతలు పెట్టి చేసింది. దాని బలమంతా ఆ మడతల్లోనే ఉంటుంది. ఒకసారి మడత చెదిరిందంటే సుత్తి దాన్ని తిరిగి తేలేదు, రంగు మాత్రం దాచిపెడుతుంది. కాలు మార్చాలి, అంతే. అదీ ర్యాక్ చేసిన కంపెనీ కాలితోనే.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. మీటరు పొడవున్న అల్యూమినియం పట్టీ, 3, 5, 6, 10 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్లు ఉంటే చాలు. సొట్ట పట్టీ మధ్యకు వచ్చేలా పట్టీని కాలికి ఆనించండి. ఫోర్క్‌లిఫ్ట్ ఎదురుగా గుద్దితే కాలు ర్యాక్ లోతు వైపు వంగుతుంది. అప్పుడు సందులో 3 బిట్టు దూరకూడదు. పక్కకు, అంటే బీము పొడవు వైపు వంగితే 5 వరకు పర్వాలేదు. రెండు కాళ్లను కలిపే అడ్డ, ఏటవాలు పట్టీలకు హద్దు 10. హద్దు దాటినా రెట్టింపు కాకపోతే పసుపు రిబ్బన్ కట్టండి. ఉన్న సరుకు అప్పటికప్పుడు దించనక్కర్లేదు గానీ, దిగాక మరమ్మతు అయ్యేదాకా మళ్లీ ఎక్కించొద్దు. రెట్టింపు దాటితే ఎర్ర రిబ్బన్: ఎవరి లారీ వెయిటింగ్‌లో ఉన్నా సరే, ఆ క్షణమే దించేయాలి. ఇవి యూరప్ ప్రమాణం ఈఎన్ 15635లోని కొలతలు. మన దగ్గర చట్టం కాదు గానీ ఇంజనీర్లు చూసేది వీటినే.

బీములకు రెండు చివర్లా సేఫ్టీ పిన్ ఉండాలి. ఖాళీ ప్యాలెట్ తీసేటప్పుడు ఫోర్కు కింద నుంచి తగిలితే, పిన్ లేని బీము కొక్కెం నుంచి లేచిపోతుంది. పిన్ పోయిన చోట బైండింగ్ వైరు, మేకు పెట్టడం నేను చాలా చోట్ల చూశాను. డబ్బాడు పిన్నులు కొని పెట్టుకుంటే ఏం పోతుంది? ఇక బీము నిండుగా ఉన్నప్పుడు మధ్యలో కిందికి దిగే వంపు దాని పొడవులో 200వ వంతు మించకూడదు. 2.7 మీటర్ల బీముకైతే 13.5 మిల్లీమీటర్లు.

బరువు దగ్గర మన ప్రాంతంలో జరిగే పొరపాటు ఒకటుంది. విత్తనాల అట్టపెట్టెల కోసం వేయించిన ర్యాక్ మీద చోటు లేదని ఎరువు ఎక్కిస్తారు. డీఏపీ బస్తా 50 కిలోలు. ప్యాలెట్‌కు 24 బస్తాలంటే 1,200 కిలోలు, ఒక వరుసలో, అంటే ఒక బీము జత మీద, రెండు ప్యాలెట్లంటే 2,400. బీము జత 2,000 కిలోలకు చేసిందైతే? యూరియా బస్తా 45 కిలోలే కదా అనుకున్నా అదే 24 బస్తాల లెక్కకు 2,160 వస్తుంది, ప్యాలెట్ బరువు అదనం. బేకు ఎంత, వరుసకు ఎంత అనేది తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి లైన్ మొదట్లో పెట్టండి. కిలోలతో పాటు "డీఏపీ ఇన్ని బస్తాలు" అని కూడా రాయండి, హమాలీలకు లెక్క బస్తాల్లోనే అందుతుంది.

ఆ బోర్డు కూడా ఎప్పటికీ నిజం కాదు. ఎత్తైన ప్యాలెట్ పట్టాలని కింది బీమును ఒక అడుగు పైకి జరిపితే, ఆసరా లేని కాలి పొడవు పెరిగి దాని బలం తగ్గిపోతుంది. కంపెనీ ఇంజనీరు కొత్త లెక్క రాసిచ్చేదాకా బీము జరపొద్దు. జరిపితే బోర్డు మార్చాలి.

ఇక నేల. మా దగ్గర నల్లరేగడి మీద కట్టిన గోదాంలు ఎక్కువ. ఎండకు నెర్రెలు బాసి, వానకు ఉబ్బుతుంది, పైనున్న ఫ్లోరు కూడా కదులుతుంది. కాలి అడుగున ఉండే బేస్ ప్లేటు కింద సందు ఉందేమో, దాన్ని నేలకు బిగించే యాంకర్ బోల్టు నట్టు చేత్తో తిరుగుతోందేమో ప్రతి కాలికీ చూడండి. యూరియా రాలిన చోట తేమ పట్టి ప్లేటు తొందరగా తుప్పు పడుతుంది, చీపురుతో ఊడ్చి చూస్తే గానీ బయటపడదు. 2024 డిసెంబర్ 4న పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మా ఇంట్లో గిన్నెలు కదిలాయి. నాకు ముందు గుర్తొచ్చింది గోదాంలో బోల్టు లేని రెండు కాళ్లే. ఆ వారంలోనే వేయించాను.

పురుగుమందుల్లో ద్రవాలు కింది వరుసలో, పొడులు పైన పెట్టాలి. వాన కొట్టే షట్టర్ పక్కన ఏదీ పెట్టొద్దు.

కాగితాల సంగతి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట గాయాలకు దారితీసే ప్రమాదాలేవీ లేకుండా చూడాల్సిన బాధ్యత యజమానిదే. ప్రమాదంలో మనిషి చనిపోయినా, 48 గంటలు పనికి రాలేకపోయినా అధికారులకు తెలపాలి. అప్పుడు వాళ్లు ముందు అడిగేది "చూసినట్టు రికార్డు ఏది?" అనే. కాబట్టి వారానికోసారి మనలో ఒకరు తిరిగి చూసి రిజిస్టర్‌లో తేదీ, లైన్, కాలి నంబరు రాసి సంతకం పెట్టాలి. ఏడాదికోసారి బయటి నిపుణుడితో చూపించి రిపోర్టు దాచాలి. స్టాకు తనిఖీకి వచ్చే వ్యవసాయ అధికారి బస్తాలు లెక్కపెడతారు, బేస్ ప్లేటు చూసేది మనమే.

ఇవన్నీ చేసినా ఫోర్క్‌లిఫ్ట్ తగిలిన సంగతి ఆపరేటర్ చెప్పకపోతే లాభం లేదు. జీతం కోస్తారని భయపడి సరిగ్గా ఆ కాలి ముందే ప్యాలెట్ పెట్టి దాస్తారు. తగిలిందని చెప్పినవాడికి కోత లేదని నేను సీజన్ మొదలయ్యే ముందే అందరి ముందూ చెప్తాను. పోయిన జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. "సారూ, ఆరో లైన్ల కాలుకు తాకింది. మస్తుగ ఏం గాలె గానీ మీరొచ్చి చూడుర్రి." బండి వేసుకుని వెళ్లి పట్టీ ఆనించాం. సొట్ట లోతు వైపే. 3 బిట్టు దూరింది, 6 దూరలేదు. పసుపు రిబ్బన్ కట్టి, రిజిస్టర్‌లో ఇద్దరం సంతకం పెట్టి, ఇంటికొచ్చేసరికి పదిన్నర.