పౌచ్ విఫలమయ్యాక శాశ్వత ఇలియోస్టమీ: ఎండకాలం, ఉప్పు, బ్యాగు జాగ్రత్తలు

పెద్దపేగు తీసేసినవాళ్ళకు చిన్నపేగు చివరతోనే లోపల కట్టే సంచి జె-పౌచ్. తగ్గని పౌచైటిస్ (పౌచ్ వాపు) వల్లో, ఫిస్టులా (పేగు నుంచి పక్కకు పడిన దారి) వల్లో, తర్వాత బయటపడిన క్రోన్స్ (పేగుల్లో వాపు, పుండ్లు పడే జబ్బు) వల్లో అది నిలవకపోతే చివరికి పొట్ట మీద శాశ్వత ఇలియోస్టమీ పెడతారు, అంటే చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి బ్యాగు తగిలిస్తారు. పౌచ్ కట్టినప్పుడు కొన్ని నెలలు బ్యాగుతో గడిపినవాళ్ళకు ఇది తెలిసిన పనే అనిపిస్తుంది. కానీ పౌచ్ తీసేస్తే దానితోపాటు చిన్నపేగు చివరి భాగం ఇంకొంత పోతుంది. పెద్దపేగు ఎలాగూ లేదు. ఉప్పు, నీరు పీల్చుకునే చోటు ఇంకా తగ్గుతుంది. నల్లగొండ, పాలమూరు ఎండల్లో ఉండేవాళ్ళు అన్నిటికంటే ముందు ఈ ఉప్పు సంగతే చూసుకోవాలి.

రోజుకు 500 నుంచి 1000 మిల్లీలీటర్లు బయటికి రావడం మామూలే. కొలతగీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూంలో పెట్టుకుని, మొదటి నెలంతా కొలిచి రాసుకోండి. 1500 దాటిందంటే ఒంట్లో ఉప్పు వేగంగా పోతున్నట్టే. దాహమేసి ఉత్త నీళ్ళు తాగేకొద్దీ పేగు లోపలి ఉప్పును కూడా లాక్కుని అవి బ్యాగులోకే దిగుతాయి, దాహం అట్లనే ఉంటుంది. ఫ్లోరైడ్‌కు భయపడి మన దగ్గర చాలా ఇళ్ళలో ప్లాంటు నీళ్ళు తాగుతారు. వాటిలో ఉప్పు దాదాపు ఉండదు కాబట్టి ఎక్కువ తాగితే ఈ మనిషికి మేలు జరగదు.

బ్యాగు ఎక్కువగా నిండుతున్న రోజుల్లో తాగే ద్రావణం ఇది: ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 20 గ్రాముల గ్లూకోజ్ పొడి, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. చెంచాతో వేస్తే ఎక్కువతక్కువలు అవుతాయి, చిన్న డిజిటల్ త్రాసుతో తూచండి. రోజంతా గుక్కగుక్కగా తాగాలి, మిగిలింది మర్నాడు పారబోయాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. కూల్‌డ్రింకులు, తియ్యటి జ్యూస్ డబ్బాలు బ్యాగును ఇంకా నింపుతాయి. ఉప్పేసిన గంజి, పలచటి మజ్జిగ మంచివే కానీ ఈ ద్రావణానికి బదులు కావు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ముందు డాక్టర్‌ను అడగాలి. మూత్రం ముదురు రంగులో కొంచెమే రావడం, పిక్కలు పట్టేయడం, లేస్తే కళ్ళు తిరగడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళి సెలైన్ పెట్టించుకోవాలి.

ప్లేటు (బ్యాగును చర్మానికి అంటించే జిగురు పలక) మార్చడం పొద్దున్నే, ఏమీ తినకముందు పెట్టుకోండి, అప్పుడు స్టోమా (పొట్ట మీద కనిపించే పేగు చివర) తక్కువగా కారుతుంది. తడిబట్ట, పొడిబట్ట, కొలత కార్డు, కత్తెర, కొత్త బ్యాగు చేతికందేలా పెట్టుకున్నాకే పాతది తీయాలి. ఒక చేత్తో చర్మాన్ని అదుముతూ ఇంకో చేత్తో పైనుంచి కిందికి మెల్లగా ఒలవండి. ఊడిన ప్లేటును పారేయకుండా వెనక్కి తిప్పి చూడండి. జిగురు ఎక్కడ తెల్లగా ఉబ్బి కరిగిందో అక్కడే లీకవుతోంది. ప్లేటు రంధ్రం పెద్దదై ఉండొచ్చు, లేదా అక్కడ చర్మం మీద గుంటో మడతో ఉండొచ్చు. గుంట ఉంటే ఉబ్బెత్తు ప్లేటు, బెల్టు వాడాలి. రంధ్రం స్టోమా కంటే 2 మిల్లీమీటర్లే పెద్దగా కత్తిరించండి. ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాలు స్టోమా కుంచించుకుంటుంది కాబట్టి వారానికోసారి కొలవాలి. నూనె కలిసిన సబ్బు, బేబీ వైప్స్ వాడితే జిడ్డు మిగిలి కొత్త ప్లేటు అంటుకోదు. చర్మం పచ్చిగా ఉంటే స్టోమా పౌడర్ పలచగా చల్లి, ఎక్కువైంది దులిపేయండి. అతికించాక అరచేత్తో రెండు నిమిషాలు అదిమి ఉంచితే ఒంటి వెచ్చదనానికి జిగురు పట్టుకుంటుంది.

ప్లేటు 3, 4 రోజులుండాలి. చెమట కాలంలో ముందే మార్చాల్సి రావచ్చు. ప్లేటు కింద మంట పుడితే పైన టేపు అంటించి నెట్టుకురావద్దు, వెంటనే తీసేయండి. చిన్నపేగు రసాలు చర్మాన్ని గంటల్లోనే తినేస్తాయి. మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తే బరువుకు ఊడదు. రేకుల గదిలో, బండి డిక్కీలో బ్యాగులు పెడితే జిగురు పాడవుతుంది. స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. తుడిస్తే కొంచెం రక్తం అంటడం మామూలే. ఊదా, నలుపు రంగుకు మారితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. మొదటి 3 నెలలు నీళ్ళ బిందె, వడ్ల బస్తా ఎత్తొద్దు, స్టోమా పక్కన హెర్నియా దిగుతుంది.

మక్క కంకులు, పల్లీలు, పచ్చికొబ్బరి, గుడాలు, పుంటికూర కాడలు నమలకుండా మింగితే దారిలో అడ్డుపడతాయి. మొదటి 6 వారాలు వాటిని మానేసి, తర్వాత ఒక్కోటి కొంచెం కొంచెంగా తిని చూడండి. జొన్నరొట్టెను పప్పుచారులో నానబెట్టుకోవచ్చు. అన్నం, సగ్గుబియ్యం, అరటిపండు బ్యాగులోకి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి. 4 గంటలుగా ఏమీ రాకుండా మెలిపెట్టే నొప్పి ఉంటే తినడం ఆపి, వాంతి లేకపోతే వేడి టీ గుక్కగుక్కగా తాగుతూ, మోకాళ్ళు ఛాతీకి ముడుచుకుని పొట్ట నిమరండి. నొప్పితోపాటు పలచటి నీళ్ళు మాత్రమే కారుతుంటే అది విరేచనం కాకపోవచ్చు, అడ్డు పక్కనుంచి జారుతున్న నీళ్ళు కావచ్చు. అప్పుడు లోపరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) మింగితే ప్రమాదం. వాంతి మొదలైనా, నొప్పి తగ్గకపోయినా ఆసుపత్రికే.

పాత పౌచ్‌ను లోపలే ఉంచితే కింది నుంచి జిగట వస్తుంది. రక్తం, జ్వరం లేకపోతే భయం లేదు, కానీ డాక్టర్ చెప్పిన గడువుకు దాన్ని స్కోపుతో (కెమెరా గొట్టంతో) చూపించుకోవడం మానొద్దు. తీసేస్తే పిర్రల మధ్య పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. మెత్తటి దిండు మీద కూర్చోండి, రింగు దిండు కుట్లను పక్కలకు లాగుతుంది. ఏడాదికోసారి బి12 పరీక్ష చేయించాలి.

మందుల పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్ అని ఉంటే అవి మెల్లగా కరిగే రకం, కరగకముందే బ్యాగులో పడొచ్చు, వేరే రకం అడగండి. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి పోయినా, రాత్రిపూట కొత్త ఆసుపత్రికి పోయినా చూపించడానికి జేబులో ఒక కాగితం పెట్టుకోండి: ‘పెద్దపేగు లేదు. శాశ్వత ఇలియోస్టమీ. విరేచనాలు అయ్యే మందు (లాక్సేటివ్) ఇవ్వొద్దు.’ పౌచ్ తీసేశారో, లోపలే ఉందో కూడా దాని మీదే రాయించండి.