ఏడాది చివర పిల్లల ప్రతిభను, నడవడిని అభినందించడం ఎలా?

హైదరాబాదు బడుల్లో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లోనే ముగుస్తుంది కాబట్టి, అభినందన సభకు సన్నాహాలు మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైనప్పుడే ఆరంభించాలి. ఎండ ముదరకముందే, ఉదయం 9 గంటలలోపు సభ మొదలుపెట్టాలి.

మార్కుల జాబితా తయారుగానే ఉంటుంది. అసలు శ్రమంతా నడవడిని గుర్తించడంలోనే ఉంది. ఏడాది పొడవునా చదువునూ ఇతర అంశాలనూ అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ‘విలువలు, జీవన నైపుణ్యాలు’ అనే అంశానికి ఇచ్చే గ్రేడు ఒక చిన్న గుర్తు మాత్రమే గనుక, తరగతి ఉపాధ్యాయులు ప్రతి విద్యార్థి పేరుకెదురుగా తాము కళ్లారా చూసిన ఒక సంఘటనను నోటుపుస్తకంలో రాసుకోవాలి. ‘మంచి విద్యార్థి’ అన్న ప్రశంస ఎవరికైనా అతుకుతుంది. ‘బీహారు నుంచి కొత్తగా వచ్చిన, తెలుగు రాని తోటివాడి పక్కన కూర్చుని నెలల తరబడి అక్షరాలు దిద్దించింది’ అన్న వాక్యం ఆ అమ్మాయికి మాత్రమే చెందుతుంది. ఆ వాక్యాన్నే ప్రశంసాపత్రంపై రాసి, వేదికపై తల్లిదండ్రులకు అర్థమయ్యేలా తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించాలి.

ఎవరి పేరూ తప్పిపోకుండా హాజరుపట్టీతో సరిచూసుకోవాలి. బహుమతిగా ప్లాస్టిక్ జ్ఞాపికలకన్నా పుస్తకాలే ఎంతో మేలు. ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటలపై, మిగతా రోజుల్లో కోఠి దుకాణాల్లో అవి తక్కువ ధరకే దొరుకుతాయి. కూలిపనులకు వెళ్లే తల్లిదండ్రులకు వారం ముందే కబురు అందాలి.