నెలలు నిండకముందే నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఏం చేయాలి

నేను తిరుపతిలో పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్ వార్డు (ఎన్‌ఐసీయూ)లో నర్సును. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి 108లో దిగే అవ్వలు ముందు అడిగేదిదే: "ఏడో నెల బిడ్డయితే బతుకుతుంది, ఎనిమిదో నెలదైతే బతకదంట కదమ్మా?" ఆ మాట నమ్మకండి. ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థం 24 వారాలప్పుడు ఊరడం మొదలై, దాదాపు 35 వారాలకు గానీ సరిపడా రాదు. కాబట్టి కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఊపిరి వదిలినప్పుడు గాలి తిత్తులు మూసుకుపోకుండా ఆపేది ఈ సర్ఫాక్టెంటే. అది లేకపోతే తడిసిన పాలిథిన్ కవరులా లోపల అతుక్కుపోతాయి.

34 వారాల్లోపు నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా కషాయాలు తాగించి తెల్లారేదాకా చూడొద్దు. దగ్గరి పీహెచ్‌సీకి వెళ్లి బిడ్డ ఊపిరితిత్తుల సూది గురించి అడగండి. అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 6 మి.గ్రా. చొప్పున 12 గంటలకొకటి, మొత్తం నాలుగు. మొదటిది అక్కడే వేసి పెద్దాసుపత్రికి పంపొచ్చు. స్టెరాయిడ్ అనగానే వద్దనేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. 1972లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు న్యూజిలాండ్‌లో పరీక్షించి చూపిన వైద్యమిది, ఎందరో బిడ్డలను కాపాడింది. సూది ఎన్ని గంటలకు వేశారో చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ, మొదటి స్కానింగ్ రిపోర్టు వెంట వచ్చేవాళ్ల చేతిలో ఉండాలి. వారాల లెక్క ఆ రిపోర్టుతోనే తేలుతుంది. తల్లికి షుగరుంటే తప్పక చెప్పండి, అలాంటి బిడ్డల్లో సర్ఫాక్టెంట్ ఆలస్యంగా తయారవచ్చు.

పుట్టాక బిడ్డ మూలుగుతున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా వెంటనే చెప్పండి. ముందు సీపాప్, అంటే ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం, పెడతాం. అయినా ఆక్సిజన్ 30 శాతం దాటి పెంచాల్సి వస్తుంటే డాక్టరు సర్ఫాక్టెంట్ ఇవ్వమంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఆ మందు సీసాను (వయల్‌ను) అరచేతుల మధ్య పట్టుకుని చల్లదనం పోగొడతాను. గట్టిగా కుదపకూడదు, మెల్లగా తలకిందులు చేయాలి, అంతే. పొరాక్టెంట్ అనే రకం సర్ఫాక్టెంట్ అయితే కిలోకు 2.5 మి.లీ., అంటే కిలో రెండొందల గ్రాముల బిడ్డకు 3 మి.లీ. దాన్ని డాక్టరు సన్నటి గొట్టంతో శ్వాసనాళంలోకి వదులుతారు. చాలామందిలో కాసేపట్లోనే ఆక్సిజన్ తగ్గించగలుగుతాం.

సంతకం అడిగినప్పుడు ఊళ్లో పెద్దాయన వచ్చేదాకా ఆగొద్దు. ఆలస్యమయ్యేకొద్దీ తిత్తులు ఇంకా మూసుకుపోతాయి. కొందరికి రెండో డోసు కూడా రాస్తారు. దానికి కంగారు పడకండి, బిడ్డ సొంతంగా తయారు చేసుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది.