అద్దంలా మెరిసే నాణేనికి పైనుంచి వెలుగు

ప్రూఫ్ నాణేలు (సేకరించేవారి కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినవి) ఫొటోలో నల్లగానో, తెల్లటి మచ్చతోనో వస్తున్నాయా? ఫ్లాష్ ఆపేసి ఇలా చేసి చూడండి. కెమెరాను నాణేనికి సరిగ్గా పైన నిలిపి, మధ్యలో శుభ్రమైన పల్చటి గాజు పలకను 45 డిగ్రీల వాలులో పెట్టండి. పక్క నుంచి ఒక్క ఎల్ఈడీ దీపం చాలు. గాజు కొంత వెలుగును నిటారుగా నాణెం మీదికి దించుతుంది, అది తిరిగి గాజు గుండానే లెన్స్‌కి చేరుతుంది. దీపం కాంతి నేరుగా నాణేన్ని తాకకుండా చిన్న అట్టముక్క అడ్డం పెట్టాలి. గాజుకు అవతలి వైపు నల్ల గుడ్డ తప్పనిసరి, లేకపోతే ఫొటో వెలిసిపోయినట్టు వస్తుంది. మెరుపు, రంగు ఎంత బాగా పడతాయో! అరిగిన పాత నాణేలకు మాత్రం ఇది వద్దు, అక్షరాలు సరిగ్గా కనబడవు. వాటికి పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుగే మేలు.